అత్తగారు ఒప్పుకొలేదు

సంచి జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. అత్తగారు దాన్ని వెనక్కి లాగారు, ముందుకు లాగారు, చివరికి సంచిని మంచం మీద బోర్లించి మళ్ళీ మొదటినుంచి సర్దడం మొదలుపెట్టారు. మూడు రోజుల్లో ఆ ఇంట్లో వినిపించిన పెద్ద చప్పుడు అదే.

భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చున్న కోడలికి ఒక చెవిలో ఆఫీసు మీటింగు, రెండో చెవిలో ఆ జిప్పు. రెండూ ఇరుక్కునే ఉన్నాయి.

“మరోసారి చెబుతున్నాను,” అంటున్నాడు తెర మీద టీమ్ లీడరు. “ఇది తప్పెవరిదని వెతికే మీటింగు కాదు. మన సంస్థలో ఆ పద్ధతే లేదు. మనమంతా ఒక కుటుంబం. ఏం జరిగిందో తెలుసుకుందాం, అంతే.”

“అలాగే సార్.”

“అయితే ఆ లైను ఎవరు రాశారు?”

కోడలు కళ్ళు నులుముకుంది. కుటుంబం ఎలా ఉంటుందో పక్క గదిలోంచి వినపడుతూనే ఉంది.

“టూల్‌లో నా పేరే చూపిస్తోంది సార్. మొన్నా చెప్పాను.”

ఏ లైను ఎవరు, ఏ రోజు రాశారో చూపించే ఆ టూల్‌కి పెట్టిన పేరు ‘బ్లేమ్’. అంటే నింద. తప్పు పట్టని మీటింగుకు వచ్చే ముందు అందరూ తెరిచి చూసుకునేది దాన్నే.

జరిగిందల్లా ఒక్క వాక్యం. ఒక కంటి ఆసుపత్రికి వీళ్ళ సంస్థ వెబ్‌సైటు కట్టింది. అపాయింట్‌మెంటు ఫారంలో ఏదైనా తప్పు నింపితే ‘దయచేసి వివరాలు సరిచూడండి’ అని రావాలి. పోయిన వారం సైటు జనంలోకి వెళ్ళింది. అన్నీ సరిగ్గా నింపిన కొందరికి కూడా ఎర్రటి అక్షరాలతో ఇంకేదో వచ్చింది.

‘అత్తగారు ఒప్పుకొలేదు’

కట్టేటప్పుడు పరీక్ష కోసం పెట్టుకున్న మాట. తర్వాత తీసేయడం మరిచిపోయిన మాట. జనం నవ్వుకుంటే నవ్వుకోనీ, ఆసుపత్రివాళ్ళు కేకలేస్తే వెయ్యనీ, అవన్నీ వారం తిరిగేసరికి పాతబడతాయి. కానీ ఆ ఎర్రక్షరాలు చూసినవాళ్ళలో ఒకరు ఈ ఇంట్లోనే ఉన్నారు.

మూడు రోజుల కిందట, భోజనాల దగ్గర, అత్తగారు తన ఫోను తెచ్చి కొడుక్కీ కోడలికీ మధ్య బల్ల మీద పెట్టారు. “మీ ఇద్దరూ కట్టిన సైటు కదా అని అందులోనే పేరు రాయించుకుందామనుకున్నాను. ఇదేమిటి? ఎవరు రాశారు?”

అప్పటిదాకా ఆవిడ కంట్లో అక్షరాలు జంటలుగా కనిపిస్తున్నాయన్న సంగతే ఇద్దరికీ తెలియదు. కోడలు ముందు ఆ సంగతికి ఉలిక్కిపడి, ఆ తర్వాత తెర చూసి కొయ్యబారిపోయింది. గబగబా వెళ్ళి లాప్‌టాప్ తెరిచి చూసింది. తన పేరే ఉంది.

“నేనే అయ్యుంటాను అత్తయ్యా. ఎప్పుడు రాశానో గుర్తు లేదు. మిమ్మల్ని ఉద్దేశించి మాత్రం కాదు.”

అత్తగారు కొడుకు వైపు చూశారు. అతను పళ్ళెంలో ఏదో పోగొట్టుకున్నవాడిలా తల వంచుకుని తింటున్నాడు.

“సరే,” అన్నారు ఆవిడ. ఆ ‘సరే’ తర్వాత ఇంట్లో మాట పుట్టలేదు.

“...కాబట్టి నా సలహా ఏమిటంటే, ఈ ఫారం లైబ్రరీనే మార్చేద్దాం,” టీమ్ లీడరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. “కొత్తది వచ్చింది. అందరూ దానికే వెళ్ళిపోతున్నారు.”

“ఆర్నెల్ల కిందటే కదా సార్ దీనికి మారాం?”

“ఆర్నెల్లంటే మన ఫీల్డులో తాతల కాలం.”

కోడలికి పాత రోజొకటి గుర్తొచ్చింది. వెబ్‌సైట్లు కట్టే భాష జావాస్క్రిప్టు నేర్చుకున్న మొదటి వారంలో ఒక్క లైను రాసి మీట నొక్కితే తెర మీద బొత్తాం ఎరుపునుంచి ఆకుపచ్చగా మారింది. ఆ సంబరం పట్టలేక అమ్మకు ఫోను చేసి, “అమ్మా, నేను చెబితే రంగు మారింది,” అంది. ఆ రంగు ఎక్కడికి పోయిందో తెలియదు. ఇప్పుడు చేస్తున్నది ఇల్లు కట్టడం కాదు, ఆర్నెల్లకోసారి అద్దె ఇల్లు మారడం. అవే గిన్నెలు, అవే మూటలు, దీపం స్విచ్చి మాత్రం ప్రతిసారీ ఇంకో గోడకి. ఒక్క పేజీ కోసం లైబ్రరీ అనే రెడీమేడ్ కోడు కట్టనొకదాన్ని పిలిస్తే, పెళ్ళికి ఒక్కణ్ణి పిలిస్తే ఊరంతా దిగినట్టు దాని వెనకాల ముప్పై వేల ఫైళ్ళు వచ్చి కూర్చుంటాయి. వాటిలో ఏది ఎందుకొచ్చిందో అడిగే ఓపిక ఎవరికీ లేదు.

“ఐదింటిలోపల ఒక నోట్ పంపండి,” అన్నాడు టీమ్ లీడరు. “ఏం జరిగింది, ఎందుకు జరిగింది. అందులో ఎవరి పేర్లూ వద్దు. కింద మీ పేరు మాత్రం పెట్టండి.”

తెర నల్లబడింది. అందులో తన మొహం కనిపించింది. పెళ్ళయి నాలుగు నెలలే, అప్పుడే కళ్ళ కింద నలుపు.

లాప్‌టాప్ పక్కన కాఫీ కప్పు ఉంది, పైన సాసరు మూత. ఎప్పుడు పెట్టి వెళ్ళారో చప్పుడైనా కాలేదు. మూడు రోజులుగా ఇంతే. మాట లేదు, మూత మాత్రం ఉంది. ఆ సాసరు ఎత్తినప్పుడల్లా, ఇంత కోపంలోనూ చల్లారకూడదని చూసే మనిషి ఉన్న ఇల్లు కదా అని కోడలికి లోపల చిన్న వెలుగు వెలిగేది. ఈ రోజు ఒక్క గుక్కే తాగి లేచింది.

కప్పు పట్టుకుని వెళ్ళి గది గుమ్మంలో నిలబడింది.

“ఎక్కడికి అత్తయ్యా?”

“అమ్మాయి దగ్గరికి. ఆరింటి బస్సు.” ఆడపడుచు ఇల్లు నాలుగు గంటల ప్రయాణం.

“ఎన్నాళ్ళు?”

“చూద్దాం.”

“మరి కంటి పరీక్ష?”

“అక్కడా ఆసుపత్రులున్నాయి. కాగితం మీద పేరు రాసుకునేవి.”

తగలాల్సిన చోటే తగిలింది. కోడలు అక్కణ్ణించి కదలలేదు. అత్తగారు చీర మడత విప్పి మళ్ళీ అదే మడత వేశారు. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. అక్కడివాళ్ళు ఆవిణ్ణి ‘దీర్ఘాలమ్మ’ అనేవారట. ఒత్తు జారినా, దీర్ఘం తగ్గినా ఆవిడ ఎర్ర పెన్సిలు దాటి పోయేది కాదు. మడతలు కూడా అలాగే వేస్తారు, అంచుకి అంచు. అలాంటి కళ్ళకి ఇప్పుడు అక్షరాలు జంటలుగా కనిపిస్తున్నాయి. ఇక్కడ అలిగి వెళ్ళిన మనిషి అక్కడ కూతురికి చెబుతుందా? చెప్పదు. పరీక్ష లేకుండానే నెలలు గడిచిపోతాయి. కోడలికి భయమల్లా అదే.

అప్పుడు ఆమెకు ఒక సంగతి తట్టింది. మూడు మీటింగుల్లో అందరూ ఆ మాట ఎవరు రాశారనే అడిగారు. అసలు అన్నీ సరిగ్గా నింపిన మనిషిని ఫారం ఎందుకు కాదందో ఒక్కరూ అడగలేదు.

“అత్తయ్యా, మీ పుట్టినరోజు ఎప్పుడని నింపారు?”

“ఎప్పుడు పుట్టానో అప్పుడే. అక్టోబరు ముప్పై ఒకటి.”

కోడలు కప్పు కిటికీ గట్టు మీద పెట్టి బల్ల దగ్గరికి పరుగెత్తింది. పది నిమిషాలకి లాప్‌టాప్‌ని చంటిబిడ్డలా రెండు చేతుల్లో ఎత్తుకుని మళ్ళీ వచ్చింది.

“దొరికింది. ఈ భాషలో నెలలు సున్నా నుంచి లెక్క. జనవరి సున్నా, ఫిబ్రవరి ఒకటి. మీరు పదో నెల అన్నారు. అది నవంబరనుకుంది. నవంబరుకి ముప్పై ఒకటి లేదు కదా.”

“అయితే?”

“మీరు పుట్టిన రోజే లేదంది.”

అత్తగారు మడత ఆపారు. “రోజులు కూడా సున్నా నుంచేనా?”

“లేదు, రోజులు ఒకటి నుంచే. నెలలకే ఆ తిక్క. రాసేటప్పుడు నెలలోంచి ఒకటి తగ్గించాలి, అది మరిచిపోయారు. మార్చి, మే, ఆగస్టు, అక్టోబరు ముప్పై ఒకటిన పుట్టినవాళ్ళు, జనవరి చివర్లో పుట్టినవాళ్ళు, ఎవ్వరికీ దారి లేదు. మిగతావాళ్ళంతా హాయిగా వెళ్ళిపోతున్నారు.”

“అంత తప్పుని ఇన్నాళ్ళూ ఎవరూ దిద్దలేదా, ఆ భాష కట్టినవాళ్ళు?”

“పది రోజుల్లో కట్టిన భాషట అత్తయ్యా. ఇప్పుడు దిద్దితే దాని మీద కట్టినవన్నీ కూలతాయి. అందుకని తప్పుని అలాగే ఉంచేసి, అందరం దాని చుట్టూ తిరిగి నడుస్తున్నాం.”

అత్తగారు కిటికీ వైపు చూశారు. “అంతే. మొదట్లో దిద్దకపోతే అంతే,” అన్నారు. అది భాష గురించి అన్నట్టు లేదు. “కాఫీ చల్లారిపోతోంది, తాగు.”

మూడు రోజుల తర్వాత ఆవిడ కోడలి కోసమని అన్న మొదటి మాట. కోడలు చల్లారిన కాఫీని అమృతంలా గటగటా తాగేసింది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి నెలలోంచి ఒకటి తీసేసింది. చిన్న గీత, పక్కన ఒకటి, అంతే. అక్టోబరు ముప్పై ఒకటి కొట్టి చూసింది. ఆకుపచ్చ గుర్తు వచ్చింది. ఎన్నాళ్ళకో ఆ రంగు చూసి కళ్ళకు హాయిగా అనిపించింది.

నోట్‌లో రాయాలి కాబట్టి ఆ ఎర్రక్షరాల లైను రాసిన తేదీ కోసం మళ్ళీ బ్లేమ్ తెరిచింది. మూడు రోజులుగా అందులో తన పేరు చూసి సిగ్గుపడటమే కానీ, పేరు పక్కనున్న తేదీని సరిగ్గా చదివింది లేదు.

చదివింది. ఏడు నెలల కిందటి బుధవారం.

ఆ వారమంతా తను మూడు దుప్పట్ల కింద జ్వరంతో వణుకుతోంది. పక్కన అమ్మ ఉంది. లాప్‌టాప్ ఆఫీసులోనే ఉండిపోయింది. దాని పాస్‌వర్డు ఇంకొక్కరికే తెలుసు. ‘నువ్వు పడుకో, నీ పని నేను పూర్తి చేస్తాను’ అన్న మనిషికి. ఆ మాటకే కదా తను కరిగిపోయింది.

భర్తది ఇప్పుడు అదే సంస్థలో వేరే టీము. ఫోను చేసింది. ఇంట్లో ‘మీరు’, ఫోనులో ‘నువ్వు’. పెళ్ళయిన కొత్తలో ఆ మార్పు ఇద్దరికీ ఆటలా ఉండేది.

“నాకు జ్వరం వచ్చిన వారం నా లాప్‌టాప్ మీద పని చేసింది నువ్వేగా?”

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

“సాయంత్రం వచ్చి మాట్లాడతాను.”

“అత్తయ్య ఆరింటి బస్సుకి వెళ్ళిపోతున్నారు.”

“తెలుసు. పొద్దున చెప్పింది.”

“తెలిసి ఆఫీసుకెళ్ళావా?”

“మా టీములో ఎవర్ని ఇంటికి పంపించాలా అని జాబితా రాస్తున్నారు,” అన్నాడతను. గొంతులో ప్రాణం లేదు. “ఈ వారంలో నా పేరు దేనికీ బయటికి రాకూడదు.”

“నా పేరొస్తే ఫరవాలేదా?”

“నీకు మంచి పేరుంది కదా.”

ఆమె ఫోను బల్ల మీద బోర్లించింది. కోపం రావాల్సిన చోట అలసట వచ్చింది. అతను చెడ్డవాడు కాదు. రోజూ పొద్దున్నే పది మంది గుండ్రంగా నిలబడి నిన్న ఏం చేశానో, ఈ రోజు ఏం చేస్తానో వరసగా అప్పజెప్పే చోట పనిచేసి పనిచేసి, చెప్పకుండా ఉండటం ఒక్కటే సొంతంగా మిగిలిన మనిషి. స్నానాల గదిలో ఒకే గ్లాసులో నిలబడ్డ రెండు బ్రష్షులు చూసి రోజూ పొద్దున్నే నవ్వుకునేది తను. వాటిలో ఒకటి ఎప్పుడూ గోడ వైపు తిరిగి ఉంటుందని ఇవాళే గుర్తొచ్చింది.

గడియారం నాలుగున్నర చూపిస్తోంది. గదిలో జిప్పు ఈసారి ఆగకుండా చివరిదాకా వెళ్ళింది.

చెబితే తల్లి ముందు అతని తల వంగుతుంది. చెప్పకపోతే ఈ మనిషి, ఆ కళ్ళతో, బస్సెక్కుతుంది. కోడలు వెళ్ళి సంచి పక్కన మంచం మీద కూర్చుంది.

“అత్తయ్యా, ఆ మాట నేను రాయలేదు.”

“తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“చూసిన నిమిషంనుంచి.” అత్తగారు ఫోను తీసి, మూడు రోజుల కిందట దాచుకున్న తెర బొమ్మను చూపించారు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని, కుడికంటితో వేలు పెట్టి చదివారు. “ఒప్పు, కొ, లేదు. దీర్ఘం ఏదీ?”

కోడలు వంగి చూసింది. ఊరంతా చూసిన మాట, ఆఫీసంతా మూడు మీటింగులు పెట్టిన మాట. అందులో ఒక దీర్ఘం లేదని ఎవరికీ కనబడలేదు.

“వాడికి రెండో తరగతినుంచీ ఇదే జబ్బు. ‘ఒప్పుకొంటే పొట్టిది చాలురా, ఒప్పుకోకపోతేనే దీర్ఘం’ అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒప్పుకోని మాటకే దీర్ఘం మింగేస్తాడు. నువ్వు మింగవు. సరుకుల చీటీలో కూడా ఒత్తులు పెడతావు.”

“మరి నాతో మూడు రోజులు ఎందుకు మాట్లాడలేదు?”

“మాట్లాడితే నోరు జారి చెప్పేస్తానని. వాడంతట వాడు చెబుతాడేమోనని చూశాను. పెళ్ళాం వీపు చాటున మూడు రోజులు కూర్చున్నాడు. నేను పెంచిన పెంపకం అది. దాన్ని చూస్తూ ఇక్కడ ఉండలేక వెళ్తున్నాను. నీ మీద కోపంతో కాదు.”

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. “అయినా మిమ్మల్ని అలా రాయడం తప్పే అత్తయ్యా. నేనే అడుగుతాను ఆయన్ని.”

“నన్నెందుకు రాస్తాడు?” అత్తగారు చేతిలోని ఫోనుని పక్కన పెట్టారు. “నీ పేరు మీద ఉంది కాబట్టి అందరూ నన్నే అనుకున్నారు. రాసింది వాడు. వాడికి నేను అమ్మని. అత్తగార్ని కాదుగా.”

కోడలు ఆ ఫోను అందుకుని ఎర్రక్షరాలు మళ్ళీ చదివింది.

“ఎప్పుడు రాశాడు?” అడిగారు అత్తగారు.

“నాకు జ్వరం వచ్చిన వారం. బుధవారం.” కోడలు ఫోను పక్కన పెట్టింది. “ముందురోజే ఆయన వచ్చి మా అమ్మతో పెళ్ళి సంగతి మాట్లాడి వెళ్ళారు. గుమ్మం దగ్గర నాతో, ‘మీ అమ్మ అడగ్గానే ఒప్పుకున్నారు’ అన్నారు.”

“నాకూ అదే చెప్పాడు. అదే మాట. అడగ్గానే.”

ఇద్దరూ సంచిని మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. పెళ్ళిఫోటోలో అమ్మ నవ్వు కోడలికి కళ్ళముందు కదిలింది. ఎన్నిసార్లో చూసి మురిసిపోయిన నవ్వు. ఇప్పుడది ఎవరో సరిచూడకుండా అచ్చుకి పంపిన వాక్యంలా అనిపించింది. ఆ ఫారంలోలాగే, తేదీలు సరిగ్గానే ఉన్నాయి. నెలే తప్పు.

లాప్‌టాప్ బల్ల మీద ఒకసారి మోగింది. నోట్ ఏదని టీమ్ లీడరు అడుగుతున్నాడు. ఎవరూ లేవలేదు.

ఐదూ పదికి వీధి తలుపు తాళం తిరిగింది. ఎనిమిదింటికి ముందు ఏనాడూ ఇంటికి రానివాడు. నుదుటి మీద చెమట, మెడలో ఆఫీసు బిళ్ళ కూడా తీయలేదు. గది గుమ్మంలో ఆగి ముందు సంచి చూశాడు, తర్వాత తల్లిని, చివరికి భార్యని.

“బస్సు టైమవుతోందా అమ్మా?”

“అయితే అవనీ. కూర్చో.”

అతను కూర్చోలేదు.

“ఆ మాట రాసింది నేనేనమ్మా. తప్పు దానిది కాదు, నాదే...”

“అది మొన్న చెప్పాల్సింది,” అన్నారు అత్తగారు. గొంతు పెంచలేదు. అచ్చుకి వెళ్ళే ముందు ఆఖరి ప్రూఫు మీద పెన్సిలు పెట్టినట్టు, నెమ్మదిగా అడిగారు. “ఇవాళ్టి ప్రశ్న వేరు. మీ అత్తగారు ఎందుకు ఒప్పుకోలేదురా?”

అతను భార్య వైపు చూడబోయి, చూపు నేలకి దించుకున్నాడు. ఆమె మంచం అంచుని గట్టిగా పట్టుకుంది.

“ఒప్పుకోలేదు కాదమ్మా,” అన్నాడు. “ఇప్పటికీ ఒప్పుకోలేదు. పెళ్ళి ఆపనన్నారు, నన్ను ఏడాది చూస్తానన్నారు. దీనికి చెప్పొద్దన్నారు.”

అత్తగారి చేయి సంచి పిడి మీదే ఉండిపోయింది. ఈసారి అతను దీర్ఘం ఎక్కడా మింగలేదు.